పూజగదిలో పెడల్

మా పూజగదిలో దేవుళ్ల పటాల పక్కన ఒక పియానో పెడల్ ఉంది. నల్లటి దిమ్మ, దాని మీద కాలితో నొక్కడానికి ఒక ఇనప రేకు, వెనక చుట్టచుట్టిన వైరు. రేకు నిండా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు, రోజూ పొద్దున్నే ఒక మందార పువ్వు. కొత్తగా ఇంటికొచ్చిన వాళ్లు అదేమిటని అడుగుతారు. మా అత్తగారు చెప్పదు. మా ఆయన చెప్పడు. ఇద్దరూ నా వైపు చూసి, నన్నూ చెప్పొద్దని కళ్లతోనే సైగ చేస్తారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

విజయనగరంలో మాది పప్పులు, బెల్లం అమ్మే కొట్టు. కింద కొట్టు, దాని వెనక వంటిల్లు, పూజగది, అత్తగారి గది. మేడ మీద మా గది, పక్కన ఇంకో చిన్న గది. ఈ ఇంట్లో నిశ్శబ్దం అనేది నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఎరగను. తెల్లవారకుండానే బస్తాలు దించే కుర్రాళ్ల కేకలు. తర్వాత వీధి చివర గుడి మైకు. అత్తగారి టీవీలో ఒకళ్లనొకళ్లు శపించుకునే ఆడవాళ్లు. మా ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడడం పరువు తక్కువ అనుకుంటాడు. స్పీకరు పెట్టి, పార్వతీపురం వాడితో పార్వతీపురానికి వినపడేంత గట్టిగా మాట్లాడతాడు. పెళ్లిళ్ల రోజుల్లో డీజే బండి మా వీధిలోంచే పోతుంది, కొట్లో గాజు సీసాలు వణుకుతాయి. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. నేను పియానో కొనుక్కుంటానన్న రోజున మాత్రం ఇంటిల్లిపాదికీ ఒక్కసారిగా చెవులు పుట్టుకొచ్చాయి.

"మోత ఎక్కువుంటాదేటి?" అంది అత్తగారు.

"బేరాలు పాడైపోతాయి," అన్నాడు మా ఆయన. మా కొట్టుకి పప్పు కొనడానికొచ్చేవాళ్లు పియానో వినిపిస్తే పప్పు వద్దని వెళ్లిపోతారని ఆయన ఉద్దేశం.

నాకెందుకీ పిచ్చి అంటే, మాది నెల్లిమర్ల. జూట్ మిల్లు గేటుకి ఎదురుగా మా నాన్నకి చిన్న కిరాణా కొట్టుండేది. నేను చదివింది సిస్టర్లు నడిపే బళ్లో. అక్కడ ప్రార్థన హాల్లో ఒక పాత పియానో. సాయంత్రం బడి అయిపోయాక ఒక సిస్టరు ఒక్కర్తీ కూర్చుని ఎప్పుడూ ఒకే పాట వాయించేది. ఆ పాట పేరు అడగాలన్న తెలివి నాకు లేదు. రోజూ గుమ్మం దగ్గర నిలబడుతున్నానని ఒకనాడు పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. నా కాళ్లు నేలకి అందేవి కావు. పియానో మెట్లు నా చేత నొక్కించి, కింద పెడల్ ఆవిడే తొక్కేది. నేను వేలు తీసేసినా స్వరం ఆగకుండా హాలంతా తిరిగేది. ఆ వయసులో నాకు అర్థమైంది ఒక్కటే, పైన వేళ్లు చేసేది సగం పనేనని. మిగతా సగం ఆ నల్ల బూటు కింద ఉంది. నా కాళ్లు అందే వయసొచ్చేసరికి సిస్టరుకి వేరే ఊరు బదిలీ అయిపోయింది, పియానోకి తాళం వేసేశారు.

ఆ పాట నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. దాన్ని అతికించి ఒక్కసారి సాంతం వాయించాలని, పక్కన ఇంకో మనిషి కూర్చుని వినాలని నా కోరిక. ఇంతకంటే పెద్ద కోరిక నేనెప్పుడూ కోరలేదు. ఇంత చిన్నది కాబట్టే కాబోలు ఎవరికీ పట్టలేదు.

చివరికి విశాఖపట్నం వెళ్లాం. దుకాణంలో నేను మెట్లు నొక్కి చూస్తుంటే, అమ్మే కుర్రాడు నా మొహం చూడకుండా నేరుగా మా ఆయన దగ్గరికి వెళ్లాడు. ఎవర్ని ఒప్పించాలో వాడికి బాగా తెలుసు.

"దీనికి హెడ్‌ఫోన్స్ పెట్టుకోవచ్చు సార్. మేడం ఎంతసేపు వాయించినా ఇంట్లో ఎవరికీ డిస్టర్బెన్స్ ఉండదు."

"అంటే బయటికి సౌండే రాదా?"

"అస్సలు రాదు సార్."

"అయితే ఇది పేక్ సేసియ్యండి."

వాయిద్యాన్ని అందులోంచి చప్పుడు రాదన్న గుణం చూసి కొన్న మనిషి ఈ భూమ్మీద మా ఆయన ఒక్కడే అయ్యుంటాడు. దారంతా మంచి బేరం చేశానన్న హుషారులో ఈల వేసుకుంటూ వచ్చాడు.

పియానోని మేడ మీద చిన్న గదిలో పెట్టారు. సరిగ్గా అత్తగారి మంచానికి పైన. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక నేను పైకి పోయి, ఫోన్లో పాఠాలు చూసుకుంటూ, చెవులకి ఆ రెండు డిప్పలూ తగిలించుకుని కూర్చునేదాన్ని. లోపల నాకొక పెద్ద హాలు. వెడల్పుగా, గంభీరంగా, సిస్టరు కూర్చున్న హాలంత. బయటివాళ్లకి మాత్రం ప్లాస్టిక్ మెట్ల టకటక, నా తల ఊపుడు. ఒకనాడు ఎదురింటావిడ అప్పడాలు ఆరబెట్టడానికి మా మేడ మీదికి వచ్చి, కిటికీలోంచి చూసి, కిందికి పోయి అత్తగారిని అడిగిందట.

"మీ కోడలు టైపు నేర్సుకుంటందేటి?"

"టైపు కాదే, పేనో," అందట అత్తగారు. "సప్పుడు రాకండా వాయించుకుంటాది."

"ఎంత అణుకువో!" అని ఆవిడ బుగ్గలు నొక్కుకుందట.

అదిగో, అప్పట్నుంచి వీధిలో నాకు గొప్ప పేరొచ్చింది. పియానో వాయించే కోడలని కాదు, వాయించినా వినపడని కోడలని. చుట్టాల పెళ్లిళ్లలో కూడా చెప్పుకున్నారు. నా సంగీతంలో జనానికి నచ్చింది అది వాళ్ల చెవిన పడకపోవడం. ఇన్నేళ్ల సాధనకి ఇంతకంటే మెప్పు ఎవరికి దొరుకుతుంది!

మా ఆయనకి ఒకసారి వినిపిద్దామని ఆశపడ్డాను. కొట్టు మూసిన ఒక మధ్యాహ్నం ఆయన్ని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు ఆయన చెవులకి తగిలించి, నేను నాకు వినపడకుండానే వాయించాను. పాట మధ్యలో పక్కకి చూస్తే ఆయన ఫోన్లో కందిపప్పు ధరలు చూసుకుంటున్నాడు. నేను చూడటం చూసి, చెవులు మూసుకున్న మనిషికి తన గొంతు తనకి తెలియదు కాబట్టి, వీధి అదిరేలా అరిచాడు.

"బాగున్నాది! బాగున్నాది!"

అంతలో ఫోను మోగింది. హెడ్‌ఫోన్లు మెడ మీదికి లాక్కుని, స్పీకరు పెట్టి, మాట్లాడుతూ మెట్లు దిగిపోయాడు. వైరు ఊడి వచ్చేసింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే పియానో కూడా ఆయన వెనకే వెళ్లేది. ఆవేళ నాకు కోపం కంటే ఏడుపే ఎక్కువ వచ్చింది.

ఆ తర్వాత దసరా వచ్చింది. ఆయుధపూజకి మా ఇంట్లో తరాజు, రాళ్లు, కాలిక్యులేటరు, షట్టరు తాళం, స్కూటరు, ఆఖరికి సెల్‌ఫోను చార్జరు దాకా అన్నిటికీ బొట్లు పెడతారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఏ పండక్కీ మేడ ఎక్కదు. ఆ ఏడాది మాత్రం పసుపు గిన్నె పట్టుకుని, గోడ పట్టుకుని, పైకి వచ్చింది. పియానో మీద గుడ్డ కప్పి ఉంది. గుడ్డ తియ్యబుద్ధి కాలేదేమో, కింద చేతికందిన పెడల్‌కి ఒళ్లంతా పసుపు పూసి, బొట్టు పెట్టి, బంతిపువ్వు పెట్టి, దణ్ణం పెట్టుకుని దిగిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది. ఈ ఇంట్లో నా వస్తువుకి కూడా ఒక బొట్టు దక్కిందనుకున్నాను.

మర్నాడు వాడిన పువ్వులు తియ్యడానికి మళ్లీ వచ్చేసరికి నేను వాయించబోతున్నాను, కాలు పెడల్ మీద ఉంది. హెడ్‌ఫోన్లు ఇంకా పెట్టుకోలేదు, అందుకే ఆ కేక విన్నాను.

"ఓలమ్మో! బొట్టెట్టినదాన్ని తొక్కుతన్నావేటే!"

"ఇది తొక్కడానికే కదా అత్తమ్మా."

"సదువుల తల్లి మీద కాలెడతావా? కళ్లు పోతాయి. తియ్యి ముందు."

"స్కూటరు బ్రేకుకి కూడా నిన్న మీరే పెట్టారు. పొద్దున్నే మీ అబ్బాయి చెప్పు కాలితో తొక్కుకుంటూ పోలేదా?"

"అది బండే. ఇది సంగీతం."

"తరాజు మరి? దాని మీద పక్క కొట్టువాడి ఉప్పు చేపల సంచీ కూడా తూస్తారు కదా."

"నోరెక్కువైపోనాది నీకు," అని పెడల్‌ని వైరుతో సహా పీకి, కళ్లకద్దుకుని, ఒళ్లో పెట్టుకుని, కూర్చుని కూర్చుని మెట్లు దిగింది. అంత నొప్పిలోనూ దాన్ని వదల్లేదు.

సాయంత్రం మా ఆయన దగ్గర పంచాయితీ. ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చునే తీర్పు చెప్పేశాడు. "వాయించేది ఏళ్లతోనే కదా. కాలెందుకు? కొన్నాళ్లు అది లేకండా వాయించుకో."

కొన్నాళ్లు అలాగే వాయించాను. పెడల్ లేకపోతే వేలు తియ్యగానే స్వరం చచ్చిపోతుంది. పాట కాదు, ఎవరో తలుపు మీద చిటికెలు వేస్తున్నట్టుంటుంది. బేరాలు పాడవుతాయని నోరు మూశారు, దేవుడికి కోపం వస్తుందని కాలు తీశారు. ఇంక మిగిలింది వేళ్లు. ఏదో ఒక పండక్కి వాటికీ బొట్లు పెట్టేస్తే నా పని పూర్తయిపోతుందనుకున్నాను.

నెలకోసారి కొట్లో పూజకి వచ్చే పంతులుగారిని మా ఆయన సలహా అడిగాడు. ఆయన కళ్లు మూసుకుని, గడ్డం గోక్కుని, తాంబూలం అందుకున్నాక నాతో చెప్పాడు. "పూజ చేసినదాన్ని తొక్కకూడదమ్మా. అలాగని తొక్కేదానికి పూజ చెయ్యాలని ఎక్కడా లేదు కదా. ఇంకోటి తెప్పించుకోండి."

పండితులంటే ఇదీ. ఆ మాటకి మా ఆయన మొహం వెలిగిపోయింది. కొత్త పెడల్ వచ్చింది. పాతది పూజగదిలో పటాల పక్కన చేరి రోజూ హారతి అందుకుంటోంది. కొత్తది మేడ మీద నా కాలి కింద పడి ఉంది. ఇది నాసిరకం. నొక్కినప్పుడల్లా దాని అడుగు నేలకి తగిలి టక్కుమంటుంది. హెడ్‌ఫోన్లు ఉన్నాయి కాబట్టి ఆ టక్కు నాకు వినపడదు. అత్తగారే ఒకసారి అన్నం దగ్గర అడిగింది.

"పైన ఆ టక్కుటక్కు ఏటే?"

"కొత్త పెడలత్తమ్మా."

"ఊఁ," అని చారు పోసుకుంది. ఆవిడకి చెప్పి ఏం లాభం అనుకున్నాను.

పాట మెల్లగా అతుక్కుంది. చివర్లో ఒకచోట మాత్రం సిస్టరు కాలు ఏం చేసేదో చాలాకాలం అంతుపట్టలేదు. పెడల్ తొక్కి ఉంచితే ముందు స్వరాల మోత వచ్చి తర్వాతి స్వరాల మీద పడి అంతా బురద అయిపోయేది. ఎంతో కుస్తీ పట్టాక తెలిసింది. అక్కడ కాలెత్తి వెంటనే మళ్లీ తొక్కాలి. టక్, టక్. పాతది తుడుచుకుపోయి కొత్తది తేటగా నిలుస్తుంది. అది దొరికిన రోజున గబుక్కున లేచి ఎవరికైనా చెబుదామని చుట్టూ చూశాను. దగ్గరగా వేసిన తలుపు బార్లా తీసి ఉంది, ఎవరూ లేరు. ఆ తలుపు అప్పుడప్పుడూ అలా తెరుచుకుంటూ ఉండేది. గాలి అనుకుని లేచి మళ్లీ వేసుకునేదాన్ని.

మొన్న వేసవిలో పాతపట్నం నుంచి మా ఆయన మేనమావ, అత్త వచ్చారు. కింద ఉక్కగా ఉందని ఏసీ ఉన్న చిన్న గదిలోకే అందర్నీ తీసుకొచ్చాడు మా ఆయన. మా అత్తగారు కూడా ఎక్కొచ్చి తలుపు దగ్గర స్టూలు మీద కూలబడింది. మగవాళ్లిద్దరూ అప్పటికే భోగాపురం మీద పడ్డారు. విమానాశ్రయం పక్కన ఎవడు ఎంత జాగా కొన్నాడో, ఎవడు అమ్ముకుని ఏడుస్తున్నాడో. మా వైపు ఇద్దరు మగవాళ్లు కలిస్తే ఇంకో మాట ఉండదు. కొన్నవాడూ అదే మాట, కొననివాడూ అదే మాట.

ఆ అత్త పియానో చూసి, "ఇదేనేటి మీ కోడలు వాయించేది? ఏదీ, ఒకటి వాయించమను," అంది.

ఇన్నాళ్లకి ఒక మనిషి నోరు తెరిచి అడిగింది. గుడ్డ తీసి, కుర్చీ లాక్కున్నాను. మా ఆయన లేచి వచ్చి, హెడ్‌ఫోన్లు తీసి నా చేతికిచ్చాడు.

"ఇయి ఎట్టుకుని వాయించు. మావయ్యా నేనూ మాటాడుకుంటన్నాం. అత్త సూస్తాది."

సూస్తాది! వినడం కాదు, చూడటం. నేను చప్పుడు లేకుండా వేళ్లాడిస్తూ తలూపుతుంటే, కోతి ఆట చూసినట్టు ఆవిడ చూడాలి. పక్కన భోగాపురం సాగాలి. తప్పేదో అన్నానన్నట్టు లేదు ఆయన మొహంలో. భార్యకి సాయం చేస్తున్నాననే అనుకుంటున్నాడు. ఆ మొహం చూసి నాకు అసహ్యం పుట్టింది. హెడ్‌ఫోన్ల వైరు పియానోలోంచి ఒక్క లాగు లాగి, రెండూ కలిపి కింద పడేశాను.

మొదటి స్వరం గదంతా నిండింది. మేనమావ మాట ఆపి, "ఓర్నీ, దీనికి సప్పుడున్నాదేటి!" అన్నాడు.

అంతే. ఆ ఆశ్చర్యం ఒక్క క్షణం. తర్వాత భోగాపురం మళ్లీ మొదలైంది, ఈసారి నా పాటని దాటాలి కాబట్టి ఇంకాస్త గట్టిగా. మా ఆయన నా వైపు చూసి తగ్గించమని చెయ్యి తిప్పుతున్నాడు. ఆ అత్త గోడ మీద ఏసీ వైపు చూస్తోంది. నేను ఆపలేదు. పళ్లు బిగించి వాయిస్తూనే ఉన్నాను. కానీ నా చూపు మా ఆయన తిప్పే చేతి మీదికే పోతోంది. చివర్లో ఆ చోటికొచ్చేసరికి కాలెత్తడం తప్పిపోయింది. స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి బురదైపోయాయి. ఇన్నేళ్ల పాట, వినిపించిన ఒక్కనాడు పాడైంది. పోనీలే, ఇక్కడ ఎవడికి తెలుస్తుంది అనుకుని ముగించాను.

"బాగున్నాది. సినిమా పాటేటి?" అంది ఆ అత్త.

"తప్పు కొట్టింది," అంది మా అత్తగారు.

నేను వెనక్కి తిరిగాను.

"ఆకర్న రెండుసార్లు కొట్టాల కదే కాలు. ఒక్కసారే కొట్టేవు."

"మీకెలా తెలుసు?"

"ఎలగేటి? రోజూ నా మంచం మీద కొడతన్నావు. ముందు నిదానంగా ఒకటీ ఒకటీ. మధ్యన కాసేపు ఉండదు. ఆకర్న టక్కు, టక్కు. అది ఇన్నాకే నాకు నిద్దరడతాది."

ఆవిడకి ఒక్క స్వరం తెలియదు. నా పాటంతా ఆవిడకి నేల మీద పడ్డ చప్పుడే. అయినా సరిగ్గా సిస్టరు నల్ల బూటు దగ్గర ఆవిడ నన్ను పట్టుకుంది. నాకు సంతోషం రాలేదు, ముందు ఒళ్లు మండింది.

"ఇన్నాళ్లూ వింటూ, ఒక్కనాడైనా పైకొచ్చి అసలు పాట విందామని అనిపించలేదా అత్తమ్మా?" అన్నాను, చుట్టాల ముందే.

"వొచ్చేను," అంది.

"ఎప్పుడు?"

"ఎప్పుడేటి, సానాసార్లు. మెట్ల మీద కూకుంటూ కూకుంటూ వొచ్చేను. తలుపు తీసి పిలిసేను. నువ్వు అటు తిరిగి, సెవుల్లో అయి ఎట్టుకుని తలూపుకుంటన్నావు. పలకనేదు. కాసేపు నిలబడి ఎల్లిపోయేను."

మా ఆయన కింద పడ్డ హెడ్‌ఫోన్లు తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నేను తలుపు వైపు చూశాను. గాలి అనుకుని ఎన్నిసార్లు లేచి దాన్ని మూశానో.

"సూస్తావేటి," అంది అత్తగారు. "మళ్లీ కొట్టు. మొదట్నించీ కొట్టు."

అటు తిరిగి, మొదట్నుంచీ మొదలుపెట్టాను. తొందరపడలేదు. చివర ఆ చోటికి వచ్చినప్పుడు కాలెత్తి మళ్లీ తొక్కాను. నా వెనక స్టూలు దగ్గర, నాతోపాటే, ఆవిడ మడమ రెండుసార్లు నేలకి తగిలిన చప్పుడు వినపడింది.